పదకొండో ముక్క

నాకు రాయడం రాదు. రెండో తరగతి సగంలో బడి మాన్పించి పొగాకు ఆకు కట్టడానికి తీసుకుపోయారు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతవరకే. ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. పొగాకు కాల్చే బ్యారన్ల ఘాటుకి బొంగురుపోయిన గొంతు నాది. మామూలుగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది. మధ్యలో నన్ను మంచిదాన్ని చేస్తూ ఏమీ కలపొద్దని దానికి ముందే చెప్పాను. నేను చేసింది చేసినట్టే ఉండాలి.

మేముండేది షికాగో దగ్గర అరోరాలో. మా ఆయన పోయిన రెండో ఏడు మా అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. పక్కింట్లో ఒక అమెరికా పెద్దాయన, ఆయన కూతురు ఉంటారు. పెద్దాయన భార్య పోయి చాలా కాలమైంది. కూతురికి యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, పొద్దున్నే రైలెక్కి షికాగోలో ఉద్యోగానికి పోతుంది. ఆయనకి మోకాళ్ళు పనిచేయవు, వాకర్ పట్టుకుని నడుస్తారు. నేనేమో పగలంతా ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. మా అమ్మాయి పై గదిలో తలుపు వేసుకుని మీటింగుల్లో ఉండేది. కూతుళ్ళిద్దరూ మాట్లాడుకుని, పదింటి నుంచి మూడింటి దాకా నేను వెళ్ళి ఆయన దగ్గర ఉండేట్టు చేశారు. సూప్ వేడిచేసి పెట్టడం, పడకుండా కనిపెట్టుకుని ఉండడం, ఇంతే పని.

ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి నన్ను పిలవడం విని అదే నా పేరనుకున్నారో ఏమో, ఆయన కూడా నన్ను "అమ్మా" అనేవారు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి నన్ను అమ్మా అంటుంటే మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత పలకడం అలవాటైంది.

ఆయన రోజూ ఒకటే కథ చెప్పేవారు. తన కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడిన ఒక ఏడాది కథ. నాకు మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యేవి. మూడింటికి మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళడానికి వస్తే దాన్ని కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టేవారు. అది ఒక చెవి ఫోనుకి, ఒక చెవి ఆయనకి ఇచ్చి, నాకు ముక్కలు ముక్కలుగా చెప్పేది. ఒక చలికాలమంతా అలా విన్నాక కథ మొత్తం నాకు వచ్చేసింది.

మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు. ఊరికి తగ్గ చిన్న కాలేజీ. ఆడే హాలు ఎంత ఇరుకంటే, బుట్ట వెనకే గోడ ఉండేదట. పరుగెత్తుకొచ్చినవాడు గుద్దుకోకుండా గోడకి పరుపు వేలాడదీశారట. ఆటగాళ్ళు పదకొండు మంది, అందరూ రైతుల పిల్లలు. వాళ్ళకి ఆట నేర్పే మాస్టారే పగలు లెక్కలు కూడా చెప్పేవారు. వేరే ఊళ్ళకి వెళ్ళాలంటే ఆయన కారు చాలక, శవాల్ని తీసుకెళ్ళే పొడుగు బండి అడిగి తెచ్చుకునేవారట.

"శవాల బండిలోనా?" అన్నాను.

"అవునంటమ్మా. ఫ్యూనరల్ వాళ్ళదంట. వెనకాల ఆరుగురు వరసగా పడుకుని వెళ్ళేవాళ్ళంట. ఒకసారి పోలీస్ ఆపి డోర్ తీస్తే, ఒకడు లేచి కూర్చుని గుడ్ ఈవెనింగ్ ఆఫీసర్ అన్నాడంట."

నేను నవ్వితే పెద్దాయన ఇంకా ఎక్కువ నవ్వారు. ఆ పొడుగు బండి మాట వచ్చినప్పుడల్లా నా ముఖం చూసేవారు, నవ్వానో లేదోనని.

మొదటి రెండు ఆటలూ ఓడిపోయారట. మూడో ఆటకి వెళ్తుంటే బండి మంచులో కూరుకుపోయింది. అందరూ దిగి నెట్టారు. బూట్లలోకి మంచునీళ్ళు పోయి, కాళ్ళు మొద్దుబారిపోయి, ఆ కాళ్ళతోనే ఆడి గెలిచారు. ఆ రోజు నుంచి ఇక ఓడలేదు. ఊళ్ళో మంగలాయన గెలిచినవాళ్ళందరికీ ఊరికే జుట్టు కత్తిరిస్తానన్నాడట. పాపం, మార్చి వచ్చేసరికి కత్తిరించడానికి వాళ్ళ తలల మీద జుట్టు మిగల్లేదట. ఆట ఉన్న రోజు దుకాణాలు మూసేసేవారట.

ఇంతా చేసి మన పెద్దాయన ఆడింది తక్కువ. పదకొండు మందిలో పదకొండో వాడు. బల్ల మీద కూర్చుని తువ్వాళ్ళు అందించేవారట. అది చెప్పడానికి ఆయనకి సిగ్గేమీ లేదు. చివరి ఆట పెద్ద కాలేజీతో. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే తప్పులు ఎక్కువై బయటికి వచ్చేశారు, ఒకడికి చీలమండ బెణికింది. మాస్టారు బల్ల పొడుగునా చూసుకుంటూ వచ్చి, చివర ఈయన దగ్గర ఆగారు. ఒక్క పాయింటు వెనకపడి ఉన్నారు. కొన్ని సెకన్లే మిగిలాయి. అవతలివాడు ఈయన్ని తోసేశాడు. అలా తోస్తే ఎవరూ అడ్డు రాకుండా బంతి బుట్టలో వేసుకునే అవకాశం రెండుసార్లు ఇస్తారు. ఈయన బంతిని రెండు చేతుల్తో మోకాళ్ళ మధ్య నుంచి పైకి విసిరేవారు, చేటతో చెరిగినట్టు. హాలంతా వెక్కిరిస్తూ అరుస్తోందట. మొదటిది పడింది. రెండోదీ పడింది. విజిల్.

విజిల్ దగ్గర ఆయన చేతులు పైకి లేచేవి. తర్వాత నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు కదిపి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, వంటింటి వైపు చూపించేవారు. నేను లేచి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చేదాన్ని. ఆయన కప్పు వైపు చూసి, నా వైపు చూసి, నవ్వి తాగేవారు. ప్రతిసారీ అంతే. ఒకసారి మా అమ్మాయి ఉన్నప్పుడు, ఆ కత్తెర ఏమిటే అని అడిగాను.

"గెలిచినవాళ్ళు బుట్టకుండే వల కట్ చేసి, తలా ఒక ముక్క తీసుకుంటారమ్మా. ఇక్కడ అదొక ఆచారం. పద, నాకు నాలుగింటికి కాల్ ఉంది."

మరి ఆయన ముక్క ఏదీ అని నేను అడగలేదు. ఆ ఒక్క మాట అడిగుంటే ఇవాళ ఇది రాయించుకునే అవసరం ఉండేది కాదు.

అక్టోబరులో ఆయనకి తొంభై నిండాయి. ఇంటినిండా జనం వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఈ వయసులో ఎంత బాగున్నారో, ఎంత పొడుగున్నారో అని పొగిడాడు. నేను మూలన నిలబడి చూస్తూనే ఉన్నాను, ఇన్ని కళ్ళు పడుతున్నాయే అని. అనుకున్నట్టే మర్నాడు స్నానాల గదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు కానీ మనిషి ముడుచుకుపోయారు. రెండు రోజులు తిండి ముట్టలేదు, కథా చెప్పలేదు. ఇది దిష్టే అని నాకు తెలిసిపోయింది.

మిరపకాయలు, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేద్దామంటే ఈ ఇళ్ళల్లో పొగకి అలారం మోగుతుంది. మా ఇంట్లో ఒకసారి చేస్తే ఫైరింజను వచ్చింది. అందుకని వత్తి తీద్దామనుకున్నాను. నూనెలో ముంచిన నూలు వత్తిని వెలిగించి, మనిషి చుట్టూ తిప్పి, కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి పట్టుకుంటే, మండే నూనె బొట్లు సుయ్ సుయ్‌మని నీళ్ళలో పడతాయి. ఎంత చప్పుడైతే అంత దిష్టి పోయినట్టు. మా అమ్మ మా అందరికీ అలాగే తీసేది. కానీ వాళ్ళింట్లో ఒక్క నూలు గుడ్డ లేదు, అన్నీ కాగితం తువ్వాళ్ళే. వంటింటి సొరుగు తీస్తే బ్యాటరీలు, తాళంచెవులు, కొవ్వొత్తి ముక్కల మధ్య జానెడు తాడు ముక్క కనిపించింది. మట్టిరంగుకి తిరిగింది, రెండు ముడులున్నాయి. వేళ్ళ మధ్య నలిపి చూశాను. చిన్నప్పటి నుంచీ కర్రలకి ఆకు కట్టిన చేతులివి. మంచి నూలు అని వేళ్ళే చెప్పాయి. ఏ పార్సెలుదో అనుకున్నాను.

పెద్దాయన్ని కుర్చీతో సహా వెనక గుమ్మం దగ్గరికి జరిపాను. మాంసం కాల్చుకునే పట్టకారుతో వత్తి పట్టుకుని, వెలిగించి, మూడుసార్లు తిప్పి, పళ్ళెం మీద పట్టాను. చప్పుడు బాగా అయింది. ఆయన ముందుకి వంగి చిన్నపిల్లాడిలా చూశారు. చివర ముడి మండినప్పుడు మంట పెద్దదై, బొట్లు వరసగా పడ్డాయి. ఆయన చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం సూప్ అంతా తాగారు. నేను ఇంటికొచ్చి మా అమ్మాయితో గర్వంగా చెప్పుకున్నాను.

నవంబరు చివర్లో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. జనవరిలో ఒక ఆట మధ్య విరామంలో ఆ పాత జట్టుకి సన్మానం చేస్తారట. పదకొండు మందిలో మిగిలింది ఇద్దరే. ఈయన, సన్నీవేల్‌లో కొడుకు దగ్గరుంటున్న ఇంకొకాయన. పోయిన తొమ్మండుగురి ఇళ్ళవాళ్ళూ వల ముక్కలు పంపించారు. వీళ్ళిద్దరివీ తెస్తే అన్నీ కలిపి మళ్ళీ వలగా కట్టి, అద్దాల పెట్టెలో పెడతారు. మా అమ్మాయి చదివి చెబుతుంటే పెద్దాయన వాకర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు. అదే సొరుగు లాగారు.

నేను అక్కడే ఉన్నాను. ఆయన కొవ్వొత్తులు పక్కకి జరపడం, తాళంచెవులు బయటికి తీయడం, సొరుగు మొత్తం బల్ల మీద బోర్లించడం చూశాను. అప్పుడు తెలిసింది నాకు, ఆయన వంటింటి వైపు ఎందుకు చూపించేవారో. కాఫీ కోసం కాదు.

నేను నోరు విప్పలేదు.

మా ఆయన పోయిన మూడో రోజున ఆయన చొక్కాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. చెమట వాసనున్న ఒక్క చేతిరుమాలు నేను కొంగులో దాచుకున్నాను. ఇప్పటికీ నా పెట్టె అడుగున ఉంది. దాంతో ఎవరైనా పొయ్యి తుడిస్తే ఎలా ఉంటుందో తెలియనిదాన్ని కాదు. అందుకే నోరు రాలేదు.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది లాప్‌టాప్ మూసేసింది.

"చెప్పకమ్మా. అసలు ఏమని చెప్తావు? మీ నాన్న చుట్టూ మంట తిప్పానని చెప్తావా? ఏదో చేతబడి అనుకుంటారు. పాత తాడు, ఎక్కడో పోయిందనుకుంటారు. లీవిట్."

ఇక్కడ మా అమ్మాయి రాయడం ఆపి, "నేను చెప్పొద్దన్నది కూడా రాయాలా?" అని అడిగింది. రాయమన్నాను. అది చెప్పొద్దన్నందుకు కాదు నేను చెప్పనిది. నా భయం నాదే.

పెద్దాయన రోజూ వెతికారు. ఒకే సొరుగు మూడేసిసార్లు. బీరువాలు, కోటు జేబులు, బైబిలు పేజీల మధ్య. ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదని నుదురు కొట్టుకునేవారు. ఒకరోజు కూతురు సాయంత్రం వచ్చి, ఇల్లంతా బోర్లించి ఉండడం చూసి, ఆయన పక్కన కూర్చుని మెల్లగా ఏదో అంది. ఆయన తల వంచుకున్నారు. మర్నాడు బల్ల మీద రంగుల కాగితాలు కనిపించాయి. పచ్చిక, పువ్వులు, నవ్వుతున్న ముసలివాళ్ళు. మా అమ్మాయిని అడిగితే, మతిమరుపు వచ్చినవాళ్ళని ఉంచే హోమ్ కాగితాలని చెప్పింది.

తాడు పోతే పోయింది. నేను నోరు మూసుకోవడం వల్ల ఆయన మతి పోయిందని ఆయనే నమ్ముతున్నారు, ఇల్లు కూడా పోబోతోంది.

అప్పుడైనా చెప్పానా, లేదు. ఇంకో పాడుపని చేశాను. కొత్త లంగా ఒకటి ఉంటే దాని బొందు లాగేశాను. రెండు పేటలు పురితిప్పి, కాఫీ డికాషన్‌లో నానబెట్టి, కుండీలో మట్టి రాసి, ఆరబెట్టి, నాకు గుర్తున్నట్టు రెండు ముడులు వేశాను. శనివారం వాళ్ళింటికి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఆ సొరుగు వెనక మూలకి దోపాను. తర్వాత చెంచా వెతుకుతున్నట్టు నటించి, "ఇదేంటి, ఇక్కడేదో ఉంది" అని తెలుగులోనే గట్టిగా అన్నాను.

పెద్దాయన అందుకున్నారు. కళ్ళు మూసుకుని దాన్ని పెదవులకి ఆనించుకున్నారు. నా లంగా బొందుని. నేను సింకు పట్టుకుని నిలబడ్డాను.

కూతురు వచ్చి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది. మా అమ్మాయి కూడా నాతో వచ్చింది ఆ రోజు, ఆవిడ మాటలు నా చెవిలో చెప్పింది. "నాన్నా, ఈ సొరుగు నువ్వు ఎన్నిసార్లు బోర్లించావు? ఇందులోనే ఉంది. నీ కంటికి కనపడలేదు" అని ఏడుస్తోందట.

ఆయన ఆ తాడుని బొటనవేలితో రుద్దారు. ముడి మీద ఆగారు. మళ్ళీ రుద్దారు. డెబ్భై ఏళ్ళు తడిమిన వేళ్ళు కదా. కూతురి వైపు చూసి ఏదో అడిగారు, చాలా మెల్లగా.

"ఏమంటున్నారే?" అన్నాను.

మా అమ్మాయి గొంతు కూడా తగ్గిపోయింది. "ఇది నాదేనా అని అడుగుతున్నారమ్మా. నాకు తెలియడం లేదు, నువ్వు చెప్పు అంటున్నారు."

ఇక నా వల్ల కాలేదు. పట్టకారు తీశాను. పళ్ళెంలో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టాను. చేతిలో ఏమీ లేకుండానే మూడుసార్లు ఆయన చుట్టూ తిప్పి, పళ్ళెం మీద పట్టి, సుయ్ సుయ్‌మని నోటితో అన్నాను. సొరుగు చూపించాను. ఆయన చేతిలో తాడు చూపించి, నా లంగా చూపించాను. "చెప్పవే" అన్నాను మా అమ్మాయితో. "నేను కాల్చేశానని చెప్పు. ఇది దొంగదని చెప్పు. ఆయన ఏమీ మర్చిపోలేదని చెప్పు. ముందు అది చెప్పు."

మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. అయినా అంతా చెప్పింది. దిష్టి అంటే ఏమిటో చెప్పడానికే చాలాసేపు పట్టింది.

ఆయన నా వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగి ఒకే ముక్క అన్నారు. నేను పోగొట్టలేదు, అని. రెండోసారి కూడా అదే అన్నారు. తర్వాత ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అది మతి పోలేదన్న ఊరటో, వల ముక్క కాలిపోయిందన్న బాధో నాకు తెలియదు. నేను అడిగే మనిషిని కాను. కూతురు ఆ రంగుల కాగితాలు చెత్తబుట్టలో పడేసింది.

పది పన్నెండు రోజులు నేను వెళ్ళలేదు. తర్వాత కూతురే మా తలుపు కొట్టింది. పెద్దాయన మధ్యాహ్నం తినడం లేదట, అమ్మ ఏదీ అంటున్నారట. వెళ్ళాను. సూప్ వేడిచేసి పెట్టాను. తిన్నారు. కథ చెప్పలేదు.

జనవరిలో నన్ను కూడా తీసుకెళ్ళారు. రానన్నాను, రావాలన్నారట ఆయనే. మూడు గంటలు ప్రయాణం, దారంతా మంచు. ఇప్పుడు పెద్ద హాలు కట్టారు, పరుపు లేదు, గోడ ఎక్కడో దూరంగా ఉంది. సన్నీవేల్ పెద్దాయన ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో చక్రాల కుర్చీలో వచ్చారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అద్దాల పెట్టెలో ఇనుప చట్రానికి పది ముక్కల వల కట్టి ఉంది. ఒక పక్క జానెడు ఖాళీ. కాలేజీ వాళ్ళు కొత్త తాడు కలుపుతామన్నారట, ఈయన వద్దన్నారట. ఎందుకు వద్దన్నారో మా అమ్మాయి అడిగి చెప్పింది. "అక్కడ ఉండాల్సింది నా ఆరోగ్యానికి ఖర్చయిపోయింది, ఖాళీగానే ఉండనీ" అన్నారట. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫోటోలు తీస్తుంటే నేను ఆ ఖాళీ కనపడకుండా అడ్డంగా నిలబడ్డాను, తెలియకుండానే. మా అమ్మాయి చెయ్యి పట్టి పక్కకి లాగింది.

ఇప్పుడు మళ్ళీ కథ చెబుతున్నారు. పొడుగు బండి దగ్గర నా ముఖం చూస్తారు, నేను నవ్వుతాను. మంచు, మంగలాయన, బల్ల చివర మాస్టారు ఆగడం, మోకాళ్ళ మధ్య నుంచి బంతి, అన్నీ ఉన్నాయి. విజిల్ దాకా వస్తారు. అక్కడ ఆగుతారు. నేను చిక్కుడుకాయలు ఒలవడం ఆపి ఎదురుచూస్తాను, నిచ్చెన ఎక్కుతారేమోనని, రెండు వేళ్ళూ లేపుతారేమోనని. ఆయన చేతులు ఒళ్ళోనే ఉంటాయి. కాసేపు కిటికీలోకి చూసి, "అమ్మా, కాఫీ" అంటారు. అడగకముందే పెట్టుకొచ్చేదాన్ని ఇదివరకు. ఇప్పుడు అడిగేదాకా కుర్చీలోంచి లేవను.